మిగులు కరెంటుకు ధర చెప్పండి, లెక్క చూపండి, డబ్బు వేయండి

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఛైర్మన్ గారికి, సభ్యులకు, మూడు డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాను. గ్రిడ్‌కు పంపిన మిగులు యూనిట్ల లెక్క తేల్చమని మా ప్రాంత కార్యాలయానికి అర్జీ రాశాను, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను, స్వయంగా వెళ్లి అడిగాను. ప్రతిసారీ మర్యాదగానే మాట్లాడారు. "సిస్టమ్‌లో అప్‌డేట్ అవ్వాలి సార్, వచ్చే నెల చూద్దాం" అన్నారు. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు. అది ఏ కార్యాలయమో ఇక్కడ రాయడం లేదు. అక్కడ కూర్చున్న ఉద్యోగి మీద నాకు కోపం లేదు, ఆయన చేతిలో ఉన్నది కూడా ఏమీ లేదు. మా వీధిలో సోలార్ ఉన్న మిగతా ఇళ్ల పరిస్థితీ ఇదే. నియమాలు పెట్టేది మీరు, అమలు చేసేది మీరు కాబట్టి మీకే రాస్తున్నాను. పదిమందికీ తెలియాలని బహిరంగంగా రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. సోలార్ ఉన్న ఇంటికి పెట్టే మీటరు రెండు వైపులా లెక్కపెడుతుంది. బటన్ నొక్కుతూ పోతే అంకెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చాలా మీటర్లలో 1.8.0 అని కనిపిస్తే అది గ్రిడ్ నుంచి మేం తీసుకున్నది, 2.8.0 అంటే మేం గ్రిడ్‌కు ఇచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం ఇంట్లో ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు తప్ప ఏమీ నడవనప్పుడు నిలబడి చూస్తే ఆ రెండో అంకె కళ్లముందే పెరుగుతుంది. అలా వెళ్లిన కరెంటు మామూలుగా సబ్‌స్టేషన్ దాకా కూడా పోదు. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పక్కింటి ఏసీకో, ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకో ఖర్చయిపోతుంది. వాళ్ల మీటరులో అది మామూలు యూనిట్‌గానే తిరుగుతుంది, వాళ్ల శ్లాబు ప్రకారమే బిల్లు పడుతుంది.

ఆ కరెంటుకు ఇంటివాళ్లకు డబ్బు ఎలా ఇవ్వాలన్న దానికి ఒక్కో దేశం ఒక్కో పద్ధతి పెట్టుకుంది. జర్మనీ 2000లో పునరుత్పాదక ఇంధన చట్టం తెచ్చి, సోలార్ యూనిట్‌కు 99 ఫెనిగ్‌లు (అప్పటి జర్మన్ పైసలు) ఇస్తామని, ఆ ధర 20 ఏళ్లు ఉంటుందని చట్టంలోనే రాసింది. తర్వాత కొత్తగా పెట్టుకునేవాళ్లకు ధర తగ్గించుకుంటూ వచ్చింది గానీ, పాతవాళ్లకు ఇచ్చిన మాట మార్చలేదు. బ్రిటన్ 2010 ఏప్రిల్‌లో ఇలాంటి పథకమే మొదలుపెట్టి, 2019 మార్చి 31తో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేసింది. అప్పటికే చేరినవాళ్లకు మాత్రం గడువు తీరేదాకా చెల్లింపులు సాగుతాయి. వీటినే ఫీడ్-ఇన్ టారిఫ్ అంటారు.

మన ఇళ్లకు నడుస్తున్నది ఎక్కువగా నెట్ మీటరింగ్. తీసుకున్న యూనిట్లలోంచి ఇచ్చిన యూనిట్లు తీసేసి, తేడాకే బిల్లు వేస్తారు. ఇచ్చిందే ఎక్కువైతే ఆ మిగులు తర్వాతి నెలకు జమ అవుతుంది. సెటిల్‌మెంట్ గడువు, అంటే మిగులు లెక్క తేల్చే తేదీ నాటికి కూడా మిగిలి ఉంటే మండలి నిర్ణయించిన ధరకు డిస్కం డబ్బు చెల్లించాలి. ఈ చివరి మాట అమలయ్యే తీరు గురించే నా లేఖంతా. జర్మనీ ఇచ్చినంత ధర ఇమ్మని నేను అడగను, అప్పటి ప్యానెళ్ల ఖరీదు వేరు. ధర ముందే తెలియడం, చెప్పిన గడువు దాకా మారకపోవడం, ఈ రెండూ మాత్రం అక్కడి నుంచి మనం తెచ్చుకోవాలి.

ఇక అసలు విషయాలు.

1. బిల్లు చూస్తే లెక్క తెలియడం లేదు.

పల్లెల్లో పాల కేంద్రంలో చెంబెడు పాలు పోసిన ఆవిడకు కూడా చీటీ ఇస్తారు. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, లీటరుకు ధర ఎంత, మొత్తం ఎంత అన్నీ అందులో ఉంటాయి. తేడా వస్తే ఆవిడ అక్కడికక్కడే నిలదీస్తుంది. నెలకు వందల యూనిట్లు పోస్తున్న నాకు ఆ చీటీ లేదు. నా బిల్లులో ఇచ్చిన యూనిట్లు కనిపిస్తాయి. పోయిన నెల మిగులు ఎంత జమ చేశారో, ఇప్పటిదాకా మొత్తం ఎంత నిలవ ఉందో, ఏ తేదీన సెటిల్ చేస్తారో, యూనిట్‌కు ఎంత కట్టిస్తారో కనిపించదు. ఒక నెల రీడింగ్ తీయడానికి వచ్చిన అబ్బాయి ఒక్క అంకెనే నమోదు చేసుకుని వెళ్లిపోయాడు, ఆ నెల మేం ఇచ్చింది సున్నా అని వచ్చింది. మీటరు ఫోటోలు చూపించినా అది సరికాలేదు. నాకు లెక్కలు అలవాటు కాబట్టి పట్టుకున్నాను. చదువు రాని ఇంట్లో ఆ నెల యూనిట్లు పోయినట్టే, పోయాయని కూడా వాళ్లకు తెలియదు.

ప్రతి బిల్లులోనూ ఆరు వివరాలు తెలుగులో ముద్రించమని కోరుతున్నాను: తీసుకున్నవి, ఇచ్చినవి, పాత నిలవ, కొత్త నిలవ, సెటిల్‌మెంట్ తేదీ, యూనిట్ ధర. మీటరు మీదే అనుమానం ఉంటే, ఫిర్యాదు అందిన 5 రోజుల్లో డిస్కం అదనపు మీటరు పెట్టి, కనీసం 3 నెలలు సరిచూడాలని 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. ఈ సంగతి ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద బోర్డు రాసి పెట్టాలి.

2. మిగులు యూనిట్ ధర పేదల ఇళ్లకే ఎక్కువ ముఖ్యం.

ఈ ఒక్క అంశం దగ్గర కొంచెం సమయం వెచ్చించి చదవమని మనవి.

మన రాష్ట్రంలో గృహ టారిఫ్ 30 యూనిట్ల వరకు 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ ఛార్జీలే 1,673 రూపాయలవుతాయి. అందులో పై 75 యూనిట్లకే 656 రూపాయలు. ఆ ఇంటివాళ్లు సోలార్ పెట్టుకుంటే ఖరీదైన ఆ పై యూనిట్లు ముందు తగ్గుతాయి. వాళ్ల లాభం బిల్లు తగ్గడంలోనే వచ్చేస్తుంది, మిగులుకు పెద్ద ధర రాకపోయినా నడుస్తుంది. ఉన్నమాట చెప్పాలంటే నాలాంటివాళ్లది అదే పరిస్థితి.

ఇప్పుడు నెలకు 75 యూనిట్లే వాడే ఇల్లు చూడండి. వాళ్ల ఎనర్జీ ఛార్జీ 192 రూపాయలు. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, అంటే 2 కిలోవాట్లకు నెలకు 240 దాకా. వాడుకున్నది పోగా 165 యూనిట్లు గ్రిడ్‌కే. ఏడాదికి దాదాపు 2,000 యూనిట్లు. ధరలో ఒక్క రూపాయి తేడా వస్తే ఆ కుటుంబానికి ఏడాదికి 2,000 రూపాయల తేడా. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల ప్లాంట్లు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. చాలా మంచి నిర్ణయం. అయితే ఆ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్ ముందే ఉంది. అంటే సోలార్ వల్ల వాళ్లకు కొత్తగా వచ్చేది ఏమైనా ఉంటే అది మిగులు అమ్మకం డబ్బే. ఆ ధర తక్కువైనా, లెక్క తేలకపోయినా, ఇంటి మీద ప్యానెళ్లు ఉంటాయి, వాటిని తుడిచే పని ఉంటుంది, చేతికి మాత్రం ఏమీ రాదు.

ఎక్కువ వాడే ఇంటికీ తక్కువ వాడే ఇంటికీ మిగులు విషయంలో ఒకే తూకం వేస్తే నష్టపోయేది చిన్న ఇల్లే. అందుకని 2 కిలోవాట్ల వరకు ప్లాంట్లకు మిగులు యూనిట్ మీద కనీస ధర ఒకటి ప్రకటించండి. ప్లాంటు కనెక్ట్ అయిన రోజున ఉన్న ధర కనీసం 10 ఏళ్లు తగ్గదని ఆర్డరులో రాయండి. పెద్ద ప్లాంట్లకు ఈ భరోసా కొత్త కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీతో 7,000 మెగావాట్లకు యూనిట్ 2.49 రూపాయల చొప్పున 25 ఏళ్లకు ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందం మంచిచెడ్డల జోలికి నేను పోను. రాష్ట్రం బయటి నుంచి వచ్చే కరెంటుకు 25 ఏళ్ల ధర రాసివ్వగలిగినప్పుడు, అదే వీధిలో పుట్టి అదే వీధిలో ఖర్చయ్యే కరెంటుకు పదేళ్ల ధర రాసివ్వడం కష్టం కాకూడదు.

3. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, ఈఎంఐ మాత్రం తేదీకి పోతుంది.

ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మిగతాది సొంత డబ్బో, బ్యాంకు లోనో. లోన్ తీసుకున్నవాళ్లు "నెలనెలా బిల్లు మిగులుతుంది, మిగులు కరెంటుకు డబ్బులొస్తాయి, దానితో కిస్తీ తీరిపోతుంది" అన్న లెక్కతోనే సంతకం పెడతారు. ఆ లెక్కలో రెండో భాగం ఆలస్యమైతే భారం జీతం మీద, పింఛను మీద పడుతుంది. మేం బిల్లు గడువు దాటితే సర్‌ఛార్జీ పడుతుంది. వాడకం పెరిగిందని అదనపు డిపాజిట్ నోటీసు వస్తే కట్టాల్సిందే, లేదంటే లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. మాకు రావాల్సింది ఆలస్యమైతే అవతలి పక్షానికి ఏమీ కాకపోవడం న్యాయం కాదు.

సెటిల్‌మెంట్ తేదీ నుంచి 30 రోజుల్లో డబ్బు వినియోగదారుడి బ్యాంకు ఖాతాలో పడాలి. దాటితే మా దగ్గర వసూలు చేసే రేటుతోనే వడ్డీ కలిపి ఇవ్వాలి. సబ్సిడీ కోసం ఖాతా నంబరు ఎలాగూ ఇచ్చాం, మళ్లీ జిరాక్స్‌లు అడగనవసరం లేదు.

4. ప్యానెళ్లు బిగించాక మీటరు కోసం ఎదురుచూపులు.

మా వెనక వీధిలో టైలరింగ్ చేసుకునే ఒకామె లోన్ మీద ప్యానెళ్లు వేయించుకుంది. నెట్ మీటరు రాలేదు. ఈలోగా ప్లాంటు ఆన్ చేస్తే, పాత మీటరు బయటికి పోయిన కరెంటును కూడా వాడకం కింద లెక్కేసే ప్రమాదం ఉందని ఇన్‌స్టాలర్ హెచ్చరించాడు. దాంతో ఎండలు మండే రోజుల్లో ఆమె ప్లాంటును ఆఫ్ చేసి ఉంచింది. ఎదురుగా ఎండ, పైన ప్యానెళ్లు, ఫోన్‌లో కిస్తీ కట్ అయిన మెసేజ్. ఆమె పడ్డ టెన్షన్ దగ్గర్నుంచి చూసినవాణ్ణి.

నిజానికి పైన చెప్పిన కేంద్ర నిబంధనలు ఆమె వైపే ఉన్నాయి. 10 కిలోవాట్ల వరకు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలనే అక్కర్లేదు, సక్రమంగా ఉంటే ఆమోదించినట్టే లెక్క. కావాల్సిన లోడు పెంపు డిస్కమే చేయాలి. ప్లాంటు సిద్ధమైందని తెలిపాక 15 రోజుల్లో మీటరు పెట్టి ప్రారంభించాలి. కారణం లేకుండా ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలకు తగ్గకుండా పరిహారం. ఈ పరిహారం అడిగితే ఇచ్చేదిగా ఉండకూడదు. ఆలస్యమైన రోజుల్ని సాఫ్ట్‌వేరే లెక్కపెట్టి బిల్లులో జమ చేయాలి. అడగడానికి భయపడేవాళ్లే ఎక్కువ, రేపు ఫ్యూజు పోతే అదే లైన్‌మన్‌ను పిలవాలి కదా.

5. వోల్టేజీ పెరిగితే నష్టం మాకు, కారణం లైనుది.

మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య మా ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తెర మీద గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అని వస్తుంది, ప్లాంటు ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. భద్రత కోసం ఇన్వర్టర్ అలా ఆగాల్సిందే. కానీ ఒకే ఫేజు మీద నాలుగైదు సోలార్ ఇళ్లు పడితే, ఆ సమయంలో వాడకం తక్కువైతే వోల్టేజీ పెరుగుతుంది. ఫేజులు సర్ది, ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీని సర్దే ట్యాప్ మార్చితే చాలావరకు తీరే సమస్య ఇది. 5 కిలోవాట్ల వరకు ప్లాంట్ల కోసం లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు బలపరిచే ఖర్చు డిస్కమే పెట్టుకోవాలని అవే నిబంధనల్లో ఉంది. ఇన్వర్టర్ ఆగిన సమయాల రికార్డు యాప్‌లో ఉంటుంది. దాన్ని ఫిర్యాదుకు ఆధారంగా తీసుకుని, గడువు పెట్టి సరిచేయించండి. కరెంటు పోయినప్పుడు కూడా ఈ ప్లాంట్లు పనిచేయవు కాబట్టి, పగటి కోతల వల్ల మా ఆదాయం కూడా పోతోందని గుర్తించండి.

6. డాబా లేనివాళ్లు.

అద్దె ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు పై కప్పు సొంతం కాదు. ఒకచోట ఉమ్మడిగా ప్లాంటు పెట్టి, వచ్చిన యూనిట్లను ఎవరి మీటరులో వాళ్లకు పంచే వర్చువల్ నెట్ మీటరింగ్‌ను మామూలు కుటుంబం కూడా వాడుకోగలిగేంత సులువు చేయండి. కాగితాలు ఎక్కువైతే బిల్డర్లకే ఉపయోగపడుతుంది.

7. మధ్యలో నియమాలు మార్చవద్దు.

2020 చివర్లో కేంద్రం నెట్ మీటరింగ్‌ను 10 కిలోవాట్లకు పరిమితం చేసి, గగ్గోలు రేగాక 2021 జూన్‌లో 500 కిలోవాట్లకు పెంచింది. ఆ ఆరు నెలలూ ఎంతమంది ఆగిపోయి ఉంటారో మీరే ఊహించండి. ప్యానెళ్లు పాతికేళ్లు ఉండే వస్తువు. ధర గానీ, సెటిల్‌మెంట్ పద్ధతి గానీ మార్చాలనుకుంటే కొత్తవాళ్లకే వర్తింపజేయండి. ముసాయిదాను తెలుగులో పెట్టి, జిల్లాల్లో బహిరంగ విచారణ జరిపాకే నిర్ణయించండి.

డిస్కంల వాదన నాకు తెలియనిది కాదు. మధ్యాహ్నం అందరి దగ్గరా సోలార్ ఉంటుంది, అప్పుడు మార్కెట్‌లో కరెంటు చవక. సాయంత్రం 6 దాటాక ఖరీదు పెట్టి కొనాలి. సోలార్ పెట్టుకున్న ఇల్లు పగలు ఇచ్చి రాత్రి తీసుకుంటుంది, లైన్ల ఖర్చు మాత్రం సోలార్ లేనివాళ్ల మీద పడుతుంది అంటారు. ఇందులో నిజం ఉంది. సోలార్ పెట్టుకోలేని కూలి ఇంటి మీద నా ఇంటి ఖర్చు పడాలని నేనూ కోరుకోను. కానీ ఆ వాదన చెప్పేటప్పుడు రెండో వైపు లెక్క కూడా పెట్టాలి. మా యూనిట్ వీధి దాటదు కాబట్టి ఎంత లైను నష్టం తగ్గింది, మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత భారం తగ్గింది? కేంద్రం సూర్యఘర్‌కు కేటాయించిన 75,021 కోట్లలో డిస్కంలకు ప్రోత్సాహకంగా పెట్టిన 4,950 కోట్లలో మన వాటా ఎంత వచ్చింది? ఆ అంకెలన్నీ ప్రజల ముందు పెట్టండి. అప్పుడు మిగులు ధర ఎంత ఉండాలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. పగటి యూనిట్‌కు ఒక ధర, రాత్రి యూనిట్‌కు ఒక ధర అన్నా నాకు అభ్యంతరం లేదు. అలాగైతే బ్యాటరీ పెట్టుకుని సాయంత్రం 7 గంటలకు గ్రిడ్‌కు ఇచ్చే ఇంటికి ఆ పీక్ ధర ఇవ్వాలి. చవక లెక్క మాకు, ఖరీదు లెక్క మీకు అంటే మాత్రం ఒప్పుకోలేం.

2003 విద్యుత్ చట్టంలోని 86వ సెక్షన్ పునరుత్పాదక విద్యుత్‌ను ప్రోత్సహించే బాధ్యతను మండలి మీద పెట్టింది. 42వ సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార వేదికలు, వాటిపైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. నా వ్యక్తిగత ఫిర్యాదును ఆ వేదిక ముందుకు తీసుకెళ్తున్నాను, అది దాని దారిన అది నడుస్తుంది. మిమ్మల్ని అడుగుతున్నది అందరికీ సంబంధించిన పని.

ఈ ఏడు అంశాల మీద డిస్కంల నుంచి నివేదిక తెప్పించండి. ఎన్ని ఇళ్లకు ఎన్ని మిగులు యూనిట్ల సెటిల్‌మెంట్ బాకీ ఉందో, ఎన్ని నెట్ మీటర్లు 15 రోజులు దాటి పెండింగులో ఉన్నాయో డివిజన్ల వారీగా వెబ్‌సైట్‌లో పెట్టించండి. వచ్చే టారిఫ్ విచారణలో మిగులు యూనిట్ ధరను విడిగా ఒక అంశంగా చేర్చండి. బిల్లు నమూనా మార్చడానికి విచారణ కూడా అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అది ఈ నెలలోనే చేయవచ్చు.

సోలార్ పెట్టుకున్న తోటి వినియోగదారులకు ఒక మాట. ప్రతి నెలా రీడింగ్ రోజున 1.8.0, 2.8.0 రెండు అంకెల ఫోటో తేదీతో సహా తీసి పెట్టుకోండి. బిల్లుతో సరిపోల్చండి. తేడా ఉంటే నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసిచ్చి, రసీదు తీసుకోండి. విచారణ జరిగిన రోజు మన దగ్గర ఆ కాగితాలుంటేనే మాట చెల్లుతుంది.

మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు
ఒక రూఫ్‌టాప్ సోలార్ గృహ వినియోగదారుడు

ప్రతులు: రాష్ట్ర ఇంధన శాఖ కార్యదర్శి గారికి, మా నియోజకవర్గ శాసనసభ్యుల వారికి